మెథడ్‌కి వచ్చింది ఏ ఆబ్జెక్ట్? జావాలో గుర్తుపట్టే తంటా

అమ్మఖాతా, నాన్నఖాతా అని రెండు వేరియబుల్స్ ఉన్నాయనుకోండి. రెండూ ఖాతా అనే ఒకే క్లాస్ నుంచి న్యూ కొట్టి తయారుచేసిన ఆబ్జెక్టులు. (పేర్లు తెలుగులో ఏంటి అనుకోకండి, జావా కంపైలర్ తెలుగు అక్షరాల వేరియబుల్ పేర్లను నిక్షేపంగా ఒప్పుకుంటుంది, ఒప్పుకోనిది టీమ్ లీడే.) రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి జమ అనే మెథడ్‌కి పంపించారు. మెథడ్‌లో ఆ పారామీటర్ పేరు ఖ. ఇప్పుడు మెథడ్ లోపల ఉండి, ఈ ఖ అనేది అమ్మఖాతానా, నాన్నఖాతానా అని ఎలా కనుక్కోవాలి?

ఆ ప్రశ్నను అలాగే అడిగితే జవాబు: కనుక్కోలేం. అమ్మఖాతా అనేది వేరియబుల్ పేరు, ఆబ్జెక్ట్ పేరు కాదు. హీప్‌లో (ఆబ్జెక్టులు ఉండే మెమరీ భాగంలో) ఉన్న ఆబ్జెక్ట్‌కి తనను ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారో తెలీదు. ఒకే ఆబ్జెక్ట్‌ని ఒకేసారి పది వేరియబుల్స్ పట్టుకుని ఉండొచ్చు, అసలు ఏ పేరూ లేకుండా ఒక లిస్ట్‌లో మూడో స్థానంలో పడి ఉండొచ్చు, అప్పుడు దాని పేరేంటి? మెథడ్‌ని పిలిచినప్పుడు లోపలికి వెళ్లేది ఆ రిఫరెన్స్ (ఆబ్జెక్ట్‌ని చూపించే గుర్తు) విలువ, అది కూడా కాపీ. జావాలో అన్నీ పాస్ బై వాల్యూనే, ఆబ్జెక్టుల విషయంలో ఆ వాల్యూ అనేది రిఫరెన్స్, అంతే తేడా. అందుకే లోపల ఖ లోని నిల్వ ఫీల్డ్ మారిస్తే బయట అమ్మఖాతాలో కనబడుతుంది కానీ, ఖ కే కొత్త ఖాతా అప్పజెబితే బయట చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తూనే తన క్లాసులను, మెథడ్లను చదువుకునే సదుపాయం) ఏదో ఒకటి చేయొచ్చేమో అని కొందరు తవ్వుతారు. జావా 8 నుంచి కంపైలర్‌కి ఒక ఆప్షన్ ఇస్తే మెథడ్ పారామీటర్ పేర్లు క్లాస్ ఫైల్‌లో నిలబడతాయి, రిఫ్లెక్షన్‌తో చదవొచ్చు. కానీ అక్కడ దొరికేది ఖ, అమ్మఖాతా కాదు. 2017లో జావా 9తో వచ్చిన స్టాక్‌వాకర్ అయితే పిలిచింది ఏ క్లాస్, ఏ మెథడ్, ఏ లైన్ అనేదాకా చెబుతుంది, ఏ వేరియబుల్ ద్వారా పంపారో మాత్రం చెప్పదు. ఈ దారిలో వెళ్తే వారం పోతుంది, పని కాదు.

అసలు గొడవంతా ఎక్కడుందంటే, "ఏది వచ్చింది" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇది ఆ వస్తువేనా అన్నది ఒకటి, ఇది అలాంటి వస్తువేనా అన్నది ఇంకొకటి, ఇది ఎవరిది, ఏ పని మీద వచ్చింది అన్నది మూడోది. మన ఇళ్లలో స్టీలు గిన్నెల సంగతి చూడండి. ఒకే షాపులో ఒకే సైజు గ్లాసులు ఆరు కొంటే ఆరూ అచ్చు గుద్దినట్టు ఉంటాయి, ఏ గ్లాసులో నీళ్లు తాగినా ఒకటే. కానీ పక్కింటికి పెరుగు పంపిన గిన్నె తిరిగి రావాల్సి వచ్చినప్పుడు "అలాంటి గిన్నె" వస్తే ఊరుకోరు, మన గిన్నే రావాలి, అందుకే దాని మీద ఇంటిపేరు చెక్కిస్తారు. అలమరా అంచుకి అంటించిన చీటీ మీద "పెరుగు గిన్నె" అని రాసి ఉంటే అది వేరియబుల్ పేరు. గిన్నె బయటికి వెళ్తే చీటీ దాంతో పాటు వెళ్లదు. అడుగున చెక్కింది మాత్రం ఎక్కడికెళ్లినా ఉంటుంది. జావాలో మూడో ప్రశ్నకి జవాబు కూడా అదే, ఆబ్జెక్ట్ లోపల ఒక ఫీల్డ్ పెట్టి చెక్కడం.

మొదటి ప్రశ్నకి ఉన్న పనిముట్టు ==. రెండు రిఫరెన్సులు ఒకే ఆబ్జెక్ట్‌ని చూపిస్తున్నాయా అని మాత్రమే అది చూస్తుంది. రెండో ప్రశ్నకి ఈక్వల్స్ మెథడ్. ఇక్కడ మొదటి గొయ్యి ఏంటంటే, మీ క్లాస్‌లో ఈక్వల్స్ మీరు రాయకపోతే ఆబ్జెక్ట్ క్లాస్ నుంచి వచ్చింది పని చేస్తుంది, అది లోపల చేసేది కూడా == నే. అంటే పేరుకి ఈక్వల్స్ పిలిచినా జవాబు మొదటి ప్రశ్నకే వస్తుంది. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డులకైతే (డేటా పట్టుకోవడానికే చేసిన పొట్టి క్లాసులు) తిరగబడుతుంది, అక్కడ ఈక్వల్స్ ఊరికే వచ్చేస్తుంది, ఫీల్డులన్నీ పోల్చి చెబుతుంది. క్లాస్‌ని రికార్డ్‌గా మార్చారంటే ఒక్క లైన్ లాజిక్ ముట్టుకోకుండానే ప్రోగ్రామ్ అర్థం మారిపోయే అవకాశం ఉంది.

ఈక్వల్స్‌కి ఏ అర్థం ఉందో చూసుకోకపోతే ఏమవుతుందో చూడండి. కిరాణా కొట్టు బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో బిల్లులైన్ అనే క్లాస్ ఉంది, సరుకు కోడ్ ఒకటైతే రెండు లైన్లూ ఒకటే అని ఎవరో ఈక్వల్స్ రాశారు. కందిపప్పు మొదటి లైన్‌లో మామూలు ధరకి పడింది, నాలుగో లైన్‌లో ఆఫర్ ధరకి మళ్లీ పడింది. కౌంటర్‌లో ఉన్నాయన నాలుగో లైన్ మీద డిలీట్ నొక్కాడు. స్క్రీన్ నుంచి తీసేయి అనే మెథడ్‌కి వెళ్లిన రిఫరెన్స్ కచ్చితంగా నాలుగో లైన్‌దే, అందులో తప్పు లేదు. కానీ మెథడ్ లోపల అర్రేలిస్ట్ రిమూవ్ పిలిచారు, అది ఈక్వల్స్‌తో పోలుస్తూ మొదట దొరికినదాన్ని తీసేస్తుంది, మొదటి లైన్ ఎగిరిపోయింది. కస్టమర్‌కి ఆఫర్ ధర మిగిలింది, షాపుకి నష్టం మిగిలింది, టెస్టింగ్‌లో ఒక్కో సరుకు ఒక్కోసారే వేసి చూశారు కాబట్టి ఎవరికీ పట్టుబడలేదు. ఇక్కడ కావాల్సింది "ఆ లైనే", అంటే రిమూవ్‌ఇఫ్ వాడి లోపల == పెట్టాలి. కంటైన్స్, ఇండెక్స్‌ఆఫ్ కూడా ఇదే బాపతు, అన్నీ ఈక్వల్స్ మాటే వింటాయి.

== వాడేటప్పుడు ఉండే గోతులు అందరూ చెప్పేవే, కానీ ఇప్పటికీ జనం పడుతూనే ఉన్నారు కాబట్టి చెప్పక తప్పదు. ఇంటీజర్ రకం పారామీటర్లు రెండు తీసుకుని == తో పోల్చే మెథడ్‌కి 100, 100 పంపితే నిజం అంటుంది, 1000, 1000 పంపితే మామూలు సెట్టింగుల్లో అబద్ధం అంటుంది. కారణం ఆటోబాక్సింగ్, అంటే మామూలు అంకెను ఇంటీజర్ ఆబ్జెక్ట్‌గా చుట్టడం: -128 నుంచి 127 దాకా ఉన్న విలువలకి ముందే చేసి పెట్టుకున్న ఆబ్జెక్టులనే మళ్లీ మళ్లీ ఇస్తుంది, ఆ పైన కొత్తవి చేస్తుంది. టెస్ట్ డేటాలో కస్టమర్ నంబర్లు 1, 2, 3 ఉంటాయి, అన్నీ పాస్. లైవ్‌లోకి వెళ్లి 128వ కస్టమర్ చేరిన రోజు నుంచి టెన్షన్ మొదలు. స్ట్రింగ్ కథా అంతే, కోడ్‌లో కోట్స్ మధ్య రాసిన ఒకే అక్షరాల లిటరల్స్ రెండూ ఒకే పూల్ ఆబ్జెక్ట్‌ని చూపిస్తాయి, డేటాబేస్ నుంచో ఫైల్ నుంచో చదివింది వేరే ఆబ్జెక్ట్. == నిర్భయంగా వాడదగ్గ చోటు ఎనమ్ (ముందే తేల్చేసిన కొన్ని విలువల జాబితా), ఎందుకంటే ఒక్కో ఎనమ్ విలువకి ఒక్కటే ఆబ్జెక్ట్ ఉండేలా భాషే చూసుకుంటుంది, సీరియలైజ్ చేసి (బైట్లుగా మార్చి) వెనక్కి తెచ్చినా సరే.

ఇక ఎక్కువమంది పట్టుకు వేలాడేది హ్యాష్‌కోడ్, అంటే ప్రతి ఆబ్జెక్టూ అడిగితే ఇచ్చే ఒక అంకె. ఆబ్జెక్ట్‌ని ప్రింట్ చేస్తే క్లాస్ పేరు, @ గుర్తు, ఆ తర్వాత ఏదో హెక్స్ అంకె వస్తుంది, ఖాతా@15615099 లాగా. ఇది మెమరీ అడ్రస్ అని ఎన్నో క్లాస్‌రూముల్లో చెప్పేస్తారు. కాదు. టోస్ట్రింగ్ మీరు రాయకపోతే ఆబ్జెక్ట్ క్లాస్ అక్కడ హ్యాష్‌కోడ్‌ని హెక్స్‌లో రాసి ఇస్తుంది, మీరు హ్యాష్‌కోడ్ రాసుకుంటే ఆ అంకె కూడా మీ ఫీల్డుల నుంచి పుట్టిందే అవుతుంది. రాసుకోకపోతే వచ్చేది ఐడెంటిటీ హ్యాష్, సిస్టమ్ క్లాస్‌లోని ఐడెంటిటీహ్యాష్‌కోడ్ మెథడ్ ఇచ్చేదీ అదే. గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేనివాటిని ఏరిపారేసేది) ఆబ్జెక్టులను హీప్‌లో అటూ ఇటూ జరుపుతుంది కాబట్టి అడ్రస్ నమ్ముకుంటే అంకె మారిపోయేది. హాట్‌స్పాట్ జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) ఏం చేస్తుందంటే, మొదటిసారి అడిగినప్పుడు ఒక సంఖ్య పుట్టించి ఆబ్జెక్ట్ హెడర్‌లో దాచుకుంటుంది, జావా 8 నుంచి మామూలుగా ఆ సంఖ్య ఒక్కో థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి) దగ్గర ఉండే ర్యాండమ్ లెక్క నుంచి వస్తుంది.

మరి ఆ సంఖ్య ప్రతి ఆబ్జెక్ట్‌కీ వేరుగా ఉంటుందా? ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు. 64-బిట్ హాట్‌స్పాట్‌లో దానికి ఉన్నది 31 బిట్లు, అంటే సుమారు 214 కోట్ల విలువలు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ, బడిలో ఒకే తరగతిలో పాతిక మందుంటే ఇద్దరి పుట్టినరోజులు కలవడం మామూలే అన్న పాత లెక్క ఇక్కడా పనిచేస్తుంది. ఈ లెక్కన దాదాపు 54,500 ఆబ్జెక్టులకి హ్యాష్ అడిగితే వాటిలో ఏవో రెండింటికి ఒకే సంఖ్య వచ్చే అవకాశం సగానికి సగం. కాబట్టి లాగ్‌లో రెండు లైన్లు పోల్చి చూసుకోవడానికి ఐడెంటిటీ హ్యాష్ బాగుంటుంది, మ్యాప్‌లో దాన్నే కీగా పెట్టి "ఇది వచ్చిందా లేదా" అని తేల్చడానికి మాత్రం పనికిరాదు. ఆ పనికి 2002 నాటి జావా 1.4 నుంచీ ఐడెంటిటీహ్యాష్‌మ్యాప్ ఉంది, అది కీలను == తోనే పోలుస్తుంది, హ్యాష్ తగిలినా తికమక పడదు. ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రంగా తిరిగే చోట, చూసినదాన్నే మళ్లీ చూడకుండా గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు.

ఇప్పుడు అసలు చిక్కైన చోటికి వద్దాం. బదిలీ అనే మెథడ్, దానికి ఇచ్చేఖాతా, పుచ్చుకునేఖాతా, మొత్తం. లోపల రెండు ఖాతాల నిల్వలనూ ముందు రెండు లోకల్ వేరియబుల్స్‌లోకి చదువుకుని, లెక్క వేసి, తిరిగి రాసేలా ఉంది. ఎవరో పొరపాటున రెండు వైపులా ఒకే ఖాతాని పంపారు. నిల్వ 5,000, బదిలీ 1,000. మొదటి లోకల్‌లో 5,000, రెండో లోకల్‌లో 5,000. ఇచ్చేఖాతాకి 4,000 రాసింది, తర్వాత పుచ్చుకునేఖాతాకి 6,000 రాసింది, రెండూ ఒకే ఆబ్జెక్ట్ కాబట్టి చివరికి నిలిచింది 6,000. గాల్లోంచి వెయ్యి రూపాయలు పుట్టాయి. మెథడ్ మొదట్లోనే ఇచ్చేఖాతా == పుచ్చుకునేఖాతా అయితే వెనక్కి పంపెయ్యి అని ఒక్క లైన్ ఉంటే సరిపోయేది. ఒకే రకం పారామీటర్లు రెండున్న ఏ మెథడ్‌కైనా ఈ రెండూ ఒకటే అయితే ఏంటి అన్న ప్రశ్న వేసి తీరాలి. ఒక జాబితాని ఇంకో జాబితాలో కలిపే మెథడ్‌లోనూ, ఒక మ్యాట్రిక్స్‌ని గుణించి ఫలితాన్ని అదే మ్యాట్రిక్స్‌లో రాసే మెథడ్‌లోనూ ఇదే దెబ్బ.

ఇదే బదిలీకి థ్రెడ్లు తోడైతే ఇంకో ముడి. ముందు ఇచ్చేఖాతాకి తాళం (లాక్, ఇంకో థ్రెడ్ ముట్టుకోకుండా) వేసి, తర్వాత పుచ్చుకునేఖాతాకి వేస్తున్నారు. ఒక థ్రెడ్ అమ్మ నుంచి నాన్నకి పంపుతోంది, అదే క్షణంలో ఇంకో థ్రెడ్ నాన్న నుంచి అమ్మకి పంపుతోంది. మొదటిది అమ్మఖాతా పట్టుకుని నాన్నఖాతా కోసం ఎదురుచూస్తుంది, రెండోది నాన్నఖాతా పట్టుకుని అమ్మఖాతా కోసం. నువ్వు ముందంటే నువ్వు ముందని గుమ్మంలో నిలబడిపోయిన చుట్టాల్లాగా ఇద్దరూ కదలరు, డెడ్‌లాక్. దీనికి మందు, ఏ వైపు నుంచి వచ్చినా రెండు ఆబ్జెక్టులకీ ఒకే వరసలో తాళం వెయ్యడం, అంటే రెండింటిలో ఇది ముందు, ఇది తర్వాత అని మెథడ్ తేల్చుకోగలగాలి. ఖాతా నంబర్ లాంటిది ఉంటే హాయి, చిన్న నంబర్ ముందు. అలాంటిదేదీ లేకపోతే ఐడెంటిటీహ్యాష్‌కోడ్‌తో వరస పెడతారు, ఎప్పుడో ఒకసారి రెండు హ్యాష్‌లూ సమానమైతే మూడో తాళం ఒకటి ముందుగా తీసుకుని ఆ తర్వాతే ఈ రెండింటి జోలికి వెళ్తారు. ఆ మూడో తాళం అవసరం అరుదుగా వస్తుంది కదా అని వదిలేస్తే, డెడ్‌లాక్ కూడా అరుదుగానే వస్తుంది, అంటే పట్టుకోవడం ఇంకా కష్టం అన్నమాట.

పైన చెప్పిందంతా ఒక నమ్మకం మీద నడుస్తోంది: లోకంలో ఉన్న ఒక్క ఖాతాకి ప్రోగ్రామ్‌లో ఒక్కటే ఆబ్జెక్ట్ ఉందని. అది చాలాసార్లు నిజం కాదు. ఒకే వరసను (టేబుల్‌లోని రో) డేటాబేస్ నుంచి రెండు రిక్వెస్టులు విడివిడిగా చదివితే రెండు ఆబ్జెక్టులు పుడతాయి. నిల్వ 10,000 ఉంది, రెండు థ్రెడ్లూ తమ తమ కాపీలకి తాళం వేసుకుని చెరో 7,000 తీశాయి, రెండూ 10,000 చూసే తీశాయి, తాళాలు వేర్వేరు ఆబ్జెక్టుల మీద కాబట్టి ఒకదానికొకటి అడ్డు రాలేదు. హైబర్నేట్ (డేటాబేస్ వరసలను ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) లాంటివి వాడితే ఒకే సెషన్‌లో ఒకే వరసకి ఒకే ఆబ్జెక్ట్ ఇస్తాయి, అక్కడ == కూడా చెల్లుతుంది; సెషన్ దాటితే ఆ హామీ లేదు. కాబట్టి డేటాబేస్ నుంచి వచ్చే ఆబ్జెక్టులకి సంబంధించినంతవరకు గుర్తింపు అంటే కీ ఫీల్డే తప్ప రిఫరెన్స్ కాదు, తాళం పని కూడా డేటాబేస్‌కే అప్పగించడం మేలు. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇంకో వింత, బీన్ (స్ప్రింగ్ తయారుచేసి చూసుకునే ఆబ్జెక్ట్) లోపల దిస్ అంటే అసలు ఆబ్జెక్ట్, బయట మిగతావాళ్ల చేతిలో ఉన్నది దాని చుట్టూ కట్టిన ప్రాక్సీ కావొచ్చు, రెండింటినీ == తో పోలిస్తే కాదంటుంది.

అమ్మఖాతానా నాన్నఖాతానా అన్న మొదటి ప్రశ్నకి మళ్లీ వస్తే, ఆబ్జెక్టులు మన ప్రోగ్రామ్‌లోనే పుట్టేవైతే క్లాస్‌లో ఒక ఫైనల్ ఫీల్డ్ పెట్టి కన్‌స్ట్రక్టర్‌లోనే నింపేయాలి. పేరు కావాలంటే పేరు, వరస సంఖ్య చాలనుకుంటే ఒక స్టాటిక్ కౌంటర్ నుంచి తీసుకున్న అంకె. ఆ కౌంటర్‌ని మామూలు ఇంట్‌గా పెట్టి ప్లస్ ప్లస్ చేస్తే రెండు థ్రెడ్లు ఒకేసారి కన్‌స్ట్రక్టర్‌లోకి వచ్చినప్పుడు రెండు ఆబ్జెక్టులకి ఒకే అంకె పడే ప్రమాదం ఉంది, అటామిక్‌లాంగ్ వాడితే ఆ బాధ లేదు. ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెట్టినా, వేరే మెషీన్‌కి పంపినా నిలవాల్సిన గుర్తింపైతే కౌంటర్ చాలదు, 128 బిట్ల యూయూఐడీ (ఇంకెక్కడా రాదని నమ్మదగ్గ గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి.

ఒక్కోసారి గుర్తింపు ఆబ్జెక్ట్‌కి సంబంధించింది కూడా కాదు, ఆ కాల్‌కి సంబంధించింది. అదే ఖాతా ఒకసారి జీతం జమకి వస్తుంది, ఇంకోసారి వడ్డీ జమకి వస్తుంది. అప్పుడు ఆబ్జెక్ట్ మీద చెక్కడం తప్పు, రెండో పారామీటర్‌గా ఒక ఎనమ్ పంపడమే సరైన పని. పాత స్వింగ్ (జావాలో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) కోడ్‌లో ఈ రెండింటి మధ్య తికమక బాగా కనిపిస్తుంది. పది బటన్లకీ ఒకే యాక్షన్‌పెర్ఫార్మ్‌డ్ మెథడ్, లోపల గెట్‌సోర్స్ పిలిచి ఇది మొదటి బటన్‌తో సమానమా, రెండో బటన్‌తో సమానమా అని == నిచ్చెన. తప్పు లేదు, పనిచేస్తుంది, బటన్ మీద రాతను పోల్చడం కన్నా వెయ్యిరెట్లు నయం (రాతను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చిన రోజే అది కూలిపోతుంది). కానీ జావా 8 లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) వచ్చాక ఏ బటన్‌కి ఆ బటన్ పనిని పక్కనే రాసేయొచ్చు, అసలు ఎవరు నొక్కారు అని అడగాల్సిన అవసరమే పోతుంది. నిజానికి మెథడ్ లోపల "వచ్చింది ఫలానా ఆబ్జెక్ట్ అయితే ఇలా, ఇంకోటి అయితే అలా" అని రాస్తున్నారంటే చాలాసార్లు ఆ పని ఆబ్జెక్ట్ లోపల ఉండాల్సింది బయటికొచ్చిందని అర్థం. పొదుపుఖాతా, చాలూఖాతా అని రెండు సబ్‌క్లాసులు చేసి వడ్డీ లెక్క ఎవరిది వాళ్లకి అప్పజెబితే మెథడ్‌కి తేడా తెలియనక్కర్లేదు.

డీబగ్ చేసేటప్పుడు మాత్రం ఇదంతా పక్కన పెట్టి కళ్లతో చూడాలనిపిస్తుంది, అక్కడ ఒక చిన్న మోసం ఉంది. ఇంటెల్లిజె అనే కోడ్ ఎడిటర్ డీబగ్గర్‌లో వేరియబుల్ పక్కన ఖాతా@712 అని కనబడుతుంది, చూడగానే ఇది ప్రింట్‌లో వచ్చిన హ్యాష్ లాంటిదే అనుకుంటారు. కాదు, అది డీబగ్గర్ తన గుర్తు కోసం ఇచ్చుకున్న నంబర్, ఎక్లిప్స్ బ్రాకెట్‌లో ఐడీ అని చూపించేదీ ఇదే బాపతు. ఆ డీబగ్ సెషన్‌లో ఒకే నంబర్ అంటే ఒకే ఆబ్జెక్ట్, అంతవరకు నమ్మొచ్చు. లాగ్ ఫైల్‌లో ఉన్న హెక్స్ అంకెతో దాన్ని జత చేయబోతే తల తిరుగుతుంది. ఇంటెల్లిజెలో మార్క్ ఆబ్జెక్ట్ అని ఒక సదుపాయం ఉంది, ఆబ్జెక్ట్‌కి మీరే ఒక పేరు తగిలిస్తే అది ఏ మెథడ్‌లోకి ఏ పారామీటర్‌గా వెళ్లినా ఆ పేరుతోనే కనబడుతుంది. వేరియబుల్ పేరు లోపలికి వెళ్లదు అన్న మొదటి బాధ కనీసం అక్కడ తీరుతుంది.

భాష కూడా ఈ మధ్య ఈ తేడాని పట్టించుకోవడం మొదలుపెట్టింది. ఇంటీజర్, లోకల్‌డేట్, ఆప్షనల్ లాంటివాటిని విలువ ఆధారిత క్లాసులని, వాటి మీద గుర్తింపుకి సంబంధించిన పనులు చేయొద్దని డాక్యుమెంటేషన్ చెబుతోంది, జావా 16 నుంచి ఇంటీజర్ ఆబ్జెక్ట్ మీద సింక్రొనైజ్డ్ (తాళం వేసే పదం) పెడితే కంపైలర్ హెచ్చరిస్తుంది కూడా. జావా భాషకే చెందిన వల్హల్లా ప్రాజెక్ట్‌లో తయారవుతున్న వాల్యూ క్లాసులు ఇంకో అడుగు ముందుకేసి ఐడెంటిటీనే తీసేస్తున్నాయి, వాటి మీద == అడిగితే లోపలి ఫీల్డులనే పోలుస్తుంది. తేదీ, డబ్బు మొత్తం, అక్షాంశ రేఖాంశాల జంట లాంటివి అలా రాసుకుంటే మెథడ్‌కి వచ్చింది ఇదా అదా అన్న ప్రశ్నకి అక్కడ అర్థమే ఉండదు. ఖాతాలకీ బిల్లు లైన్లకీ మాత్రం పేరు చెక్కడం తప్పదు.